వీడియోలో పడుకోవలసిన మనిషి

బోయిగూడ, సికింద్రాబాదు
12 జూలై 1997

వదినె ప్రేమమణి గారికి,

శ్యామలమ్మ నమస్కారాలు. నేనెవరో మీకు తెలుసు. మీ అమ్మాయి దేవకృపకు అత్తను. రెండేళ్ళుగా మనం వియ్యపురాళ్ళమే గాని ఒకరి ముఖం ఒకరం చూడలేదు. ఈ కవరు చింపేయకుండా ఇక్కడిదాకా చదివి ఉంటే, ఇంకొంచెం ఓపిక పట్టండి. పెళ్ళి సంగతి ఎత్తను. అది గుళ్ళో కాలేదని మాకు, చర్చిలో కాలేదని మీకు బాధ. రిజిస్ట్రారు ఆఫీసు వాడొక్కడే సంతోషించినట్టున్నాడు.

మాది పరుపుల దుకాణం. బూరుగు దూది ఏకించి, సంచులు కుట్టి, దూది కూరి అమ్ముతాం. మా మామగారు పెట్టిన దుకాణం. ఇప్పుడు ఫోము పరుపులు వచ్చి మా నోట మట్టి కొట్టాయి. టీవీలో ఒక సినిమా పిల్ల ఆ ఫోము మీదికెక్కి ఎగురుతుంది. అది చూసి జనమంతా అటే పోతున్నారు. పరుపు మీద ఎగరడమేమిటి చెప్పండి! ఎవరైనా ఎగరడానికి కొంటారా? అయినా కొంటున్నారు. ఈ ఏడాది పెళ్ళిళ్ళకు మాకు బేరాలే లేవు. ఇట్లాగే సాగితే దుకాణం మూసుకోవాలి.

అందుకని మా శ్రీశైలం, అంటే మీ అల్లుడు, ఒక వీడియో తీయించి మా వైపు కేబుల్ టీవీలో వేయిద్దామంటున్నాడు. ఎవరిని చూపించాలి, ఏ వేళకు వేయాలి, ఏం మాట్లాడాలి, అంతా ముందే ఆలోచించుకోవాలట. దాన్ని స్ట్రాటజీ అంటాడు. మా ఆయన సోమయ్యకు అది అర్థం కాక, "ఆ సత్రాజీ ఎవడ్రా? మనింటికెందుకొస్తుండు?" అని అడిగాడు.

ఇక నా అవసరం. వీడియోలో చెప్పడానికి మంచి తెలుగు మాటలు కావాలి. దేవకృపను అడిగితే, "మా అమ్మయితే నాలుగు ముక్కల్లో రాసేది అత్తమ్మా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ నాలుగు ముక్కలూ మీరే రాయాలి. ఈ ఉత్తరం సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

జవాబు వస్తుందని ధైర్యం చేసి రాసిన,
శ్యామలమ్మ

నరసాపురం
20 జూలై 1997

శ్యామలమ్మ గారికి,

ప్రభువు పేరిట వందనములు. మీ ఉత్తరం చింపలేదు. ఉత్తరాలు చింపే అలవాటు నాకు లేదు. మా అమ్మాయి రాసినవి కూడా చింపలేదు. తెరవలేదు, అంతే.

మీరు అడిగింది తెలుగు గనుక జవాబు రాస్తున్నాను. బడిలో ఎవరొచ్చి వాక్యం దిద్దమన్నా కాదని ఎప్పుడూ అనలేదు. మీరు రాసుకున్నది పంపితే దిద్ది పంపుతాను. కాని ఒక షరతు. మా అమ్మాయి గురించి ఒక్క ముక్క రాయకూడదు. పేరు కూడా రాయకూడదు. ఆ పేరు కాగితం మీద కనపడితే ఆ రోజంతా నాకు ఏ పనీ చేతకాదు. మీ ఉత్తరం వచ్చిన రోజు అన్నం మాడ్చుకున్నాను.

ఇంకొకటి. "వదినె" కాదు, "వదిన".

ఇట్లు,
ఎం. ప్రేమమణి
తెలుగు పండితురాలు (రిటైర్డు)

బోయిగూడ
28 జూలై 1997

వదినె గారికి,

మీరు దిద్దినా నా చెయ్యి మాట వినడం లేదు. మా దగ్గర అందరం వదినె అనే అంటాం. వదిన అంటే సగంలో ఆపేసినట్టు ఉంటుంది.

మావాడు రాసింది ఇది: "అమ్మలారా, అక్కలారా! నడుము నొప్పా? సోమయ్య పరుపుల దుకాణానికి రండి. మా పరుపు మీద పండుకుంటే తెల్లారింది తెల్వది. పరుపు కొన్నవారికి రెండు మెత్తలు ఉచితం."

కేబుల్ అతను రాత్రి సినిమాకు ముందు వేస్తానంటున్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ వేళకు అందరూ వాళ్ళ వాళ్ళ పాత పరుపుల మీద పడి ఉంటారు, లేచి చూసేదెవరు? మధ్యాహ్నం గిన్నెలు కడిగి, ఆడవాళ్ళు చాప మీద నడుము వాల్చి సీరియల్ చూస్తారు చూడండి, అప్పుడు వేయాలన్నాను. చాప కింద నేల తగులుతుంటే అప్పుడు గుర్తొస్తుంది పరుపు. మావాడు ఆశ్చర్యపోయి, "అమ్మా, ఇది గదా స్ట్రాటజీ" అన్నాడు. నాకు ఆ రోజంతా గర్వంగానే ఉంది.

ఎగిరే పిల్ల మనకొద్దు, నిజంగా పడుకునే మనిషిని చూపిద్దామనుకున్నాం. మీ షరతుకు కట్టుబడి ఉన్నాను, ఎవరి పేరూ రాయను. కాని వీడియో సంగతి రాయొచ్చు కదా? అందులో పడుకోవలసిన మనిషి మా ఇంట్లోనే ఉంది. వయసు ఇరవై ఆరు. చామనచాయ. ఐదో నెల. ఆకలి బాగానే ఉంది గాని నిద్ర పట్టడం లేదు. ఎప్పుడు చూసినా కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. పడుకోవలసిన మనిషికే నిద్ర రాకపోతే వీడియో ఎట్లా తీస్తామని నా పరేషాన్.

ఇదంతా వీడియో సంగతే. కోపం తెచ్చుకోవద్దు.

మీ శ్యామలమ్మ

నరసాపురం
6 ఆగస్టు 1997

శ్యామలమ్మ గారికి,

ఆలస్యమైంది. మా చర్చి సంఘ పెద్ద జకర్యా గారికి ఆయాసం ముదిరింది. పడుకుంటే ఊపిరి ఆడక రాత్రంతా కుర్చీలోనే కూర్చుంటున్నారు. నిద్ర లేక మనిషి సగమైపోయారు. రోజూ వెళ్ళి బైబిలు వాక్యం చదివి వినిపిస్తున్నాను.

మీ అబ్బాయి రాసినది దిద్దాను. "పండుకొను" అనేది పాత కావ్యాల్లో ఉన్న మంచి మాటే గాని మా వైపు ఎవరూ అనరు. ప్రకటనలో "నిద్రించు" అనండి. "తెల్వది" బదులు "తెలియదు". పోతే, పరుపు కొన్నవారికి మెత్తళ్ళు ఎందుకు ఇస్తున్నారో నాకు ఎంత ఆలోచించినా బోధపడలేదు. మాది సముద్రం పక్క ఊరు, మాకు అవి ఇష్టమే. కాని ఎండు చేపలు పక్కన పెట్టుకుని పరుపు మీద ఎవరు పడుకుంటారండీ? ఇల్లంతా వాసన. ఆ వాక్యం కొట్టేశాను.

వీడియోలోని మనిషికి ఐదో నెల అని రాశారు. ఆ కాగితం పట్టుకుని వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. ఆ మనిషి సాయంత్రం పూట కాఫీ తాగుతుంటే మానమనండి. చిన్నప్పటి నుంచీ అది ఆ మనిషికి పడదు. కళ్ళు ఉబ్బి వీడియోలో బాగుండదని చెబుతున్నాను, ఇంకేమీ కాదు.

ఇట్లు,
ఎం. ప్రేమమణి

బోయిగూడ
13 ఆగస్టు 1997

వదినె గారికి,

మీ ఉత్తరం చదివి దుకాణంలో ఒక్కదాన్నే నవ్వుతుంటే, మా ఆయన దారం తెంపి, "ఏందే, పిచ్చి లేసిందా?" అన్నాడు. మెత్తలంటే మాకు దిండ్లు వదినె! తలకింద పెట్టుకునేవి. ఎండు చేపలు ఇస్తే బోయిగూడ పిల్లులన్నీ మా పరుపులే కొంటాయి.

మీరు దిద్దిన కాగితం నా మాటలే అని చెప్పి ఇంట్లో ఇచ్చాను. అందరూ నమ్మారు, వీడియోలోని మనిషి తప్ప. ఆ మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎర్ర సిరాతో ఎవరు దిద్దిండ్రు అత్తమ్మా?" అన్నది. రెండేళ్ళలో మా మాట బాగా పట్టుకున్నది లెండి. "నేనే" అన్నాను. ఆ కాగితం తీసుకుపోయి మెత్త కింద పెట్టుకుంది. కాఫీ మానిపించాను. మా బిడ్డకు ఇది పడదని ముందే తెలిస్తే ఎప్పుడో మానిపించేదాన్ని.

మెట్టుగూడలో ఆర్థర్ అనే అబ్బాయి పెళ్ళిళ్ళకు వీడియో తీస్తాడు. మన వీడియో కూడా అతనే తీస్తాడు. నాకింకొక ఆలోచన వచ్చింది. అతను ఇచ్చే ప్రతి పెళ్ళి క్యాసెట్ మొదట్లో మన పరుపుల వీడియో అతికించమన్నాను. పెళ్ళి క్యాసెట్ బంధువులంతా కూర్చుని చూస్తారు, వాళ్ళలో పెళ్ళి కావలసిన వాళ్ళు ఎందరో ఉంటారు. ఎలా ఉంది?

జకర్యా గారికి రెండు మెత్తలు ఎత్తుగా పెట్టి వాలుగా పడుకోబెట్టమనండి. నిద్ర లేని మనిషి బాధ మాకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది? ఆయనకు నిద్ర పట్టిందో లేదో తప్పక రాయండి.

మీ శ్యామలమ్మ

నరసాపురం
22 ఆగస్టు 1997

శ్యామలమ్మ గారికి,

చాలాకాలంగా అవస్థ పడుతున్న జకర్యా గారు సోమవారం తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు. పనులన్నీ నామీదే పడ్డాయి. మీ వీడియో సంగతి తర్వాత రాస్తాను.

మీరు "మా బిడ్డ" అని రాశారు. మీకున్నది ఒక్క కొడుకే అనుకున్నాను. ఎవరి బిడ్డ, ఎవరికి బిడ్డ? మాట వాడే ముందు చూసుకోవాలి.

ఇట్లు,
ఎం. ప్రేమమణి

బోయిగూడ
29 ఆగస్టు 1997

వదినె గారికి,

జకర్యా గారి సంగతి చదివి నా మనసు కుదుటపడింది. ఎన్నాళ్ళుగానో కుర్చీలో కూర్చుని తెల్లవారజేసిన మనిషి. ఆయన నిద్రించడమే మంచిదైంది. ఇంటివాళ్ళు కూడా ఇక నిశ్చింతగా ఉంటారు. ఆ నిద్ర ఇచ్చిన మీ ప్రభువుకు నేను కూడా ఇక్కడి నుంచి దండం పెట్టుకున్నాను. ఎవరూ సప్పుడు చేసి ఆయన్ని కదిలించకుండా చూడండి.

బిడ్డ అంటే మా దగ్గర కూతురు. కోడలిని కూడా బిడ్డా అనే పిలుస్తాం. మీ నుంచి లాక్కుంటున్నానని అనుకోవద్దు వదినె. నాకు ఆడపిల్లలు లేరు. ఇంట్లోకి ఒకరు వచ్చాక ఆ పిలుపు దానంతటదే వచ్చింది. మీకు కష్టం కలిగితే ఉత్తరాల్లో రాయను. ఇంట్లో మాత్రం మానలేను.

వీడియో పదో తారీకు తర్వాత తీద్దామంటున్నాడు ఆర్థర్. పడుకోవలసిన మనిషి ఇంకా సరిగా పడుకోవడం లేదు. కళ్ళ కింద నలుపు వచ్చింది. డాక్టరమ్మ అంతా బాగుందన్నది. "మనసుల ఏమన్న ఉన్నదా బిడ్డా?" అని అడిగితే ఆ మనిషి, "ఏం లేదు అత్తమ్మా" అంటుంది. ఉన్నదేమిటో నాకూ తెలుసు, మీకూ తెలుసు. షరతు ఉంది కాబట్టి ఇంతటితో ఆపుతున్నాను.

మీ శ్యామలమ్మ

నరసాపురం
6 సెప్టెంబరు 1997

వదినె గారికి,

వదినె అనే రాశాను. దిద్దకండి.

జకర్యా గారి ఆదరణ కూడికలో మీ ఉత్తరంలోని నాలుగు వాక్యాలు లేచి నిలబడి చదివాను. "ఎవరూ సప్పుడు చేసి ఆయన్ని కదిలించకుండా చూడండి" అన్న చోట ఆయన భార్య మార్త గారు నా చెయ్యి పట్టుకున్నారు. మీది వేరే నమ్మకం. అయినా మా మాటను ఇంత చక్కగా అర్థం చేసుకున్న వాళ్ళు మా సంఘంలోనే తక్కువ. మిమ్మల్ని నేను తక్కువగా అనుకున్నాను. ఆ మాట చెప్పకుండా ఉంటే నాకు నిమ్మళంగా ఉండదు.

వీడియోలోని మనిషి ఏ పక్కకు తిరిగి పడుకుంటుంది? ఏడో నెల వస్తోంది కదా, ఎడమ పక్కకు తిప్పండి. కెమెరా ఆ వైపే పెట్టుకోమనండి. మోకాళ్ళ మధ్య ఒక మెత్త పెట్టండి. పడుకోబోయే ముందు పాదాలకు కొబ్బరినూనె రాస్తే ఆ మనిషికి నిద్ర పడుతుంది. చిన్నప్పుడు నేను రాసేదాన్ని. రాస్తుండగానే కళ్ళు మూతపడేవి.

వీడియో ఎలా వచ్చిందో వెంటనే రాయండి. ఎదురుచూస్తుంటాను.

మీ
ప్రేమమణి

(కార్డు)
బోయిగూడ
14 సెప్టెంబరు 1997

వదినె గారికి,

కవరు రాసే తీరిక లేదు. ఇంటినిండా మనుషులు. కాని ఈ సంగతి ముందు మీకు తెలియాలి. పేరు రాయొద్దన్నారు, ఈ ఒక్కసారికి క్షమించండి. ఇన్నాళ్ళ అవస్థ తీరి, నిన్న మధ్యాహ్నం దేవకృప ప్రభువునందు నిద్రించింది. అందరం చుట్టూ నిలబడ్డాం. ఒక్కరి నోటా మాట లేదు. ముఖం పసిపిల్ల ముఖంలా ఉంది. మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆర్థర్ అంతా వీడియో తీశాడు. మీరు వస్తే చూపిస్తాం. మిగతావి నిదానంగా రాస్తాను.

శ్యామలమ్మ

నరసాపురం
20 సెప్టెంబరు 1997

శ్యామలమ్మ గారికి,

మీ కార్డు అందింది. చావు కబురు అందరి ఇళ్ళకూ వచ్చినట్టే, కార్డు మీద వచ్చింది. వాకిట్లో నిలబడి చదివాను. చదివాక లోపలికి కూడా వెళ్ళలేదు, అటునుంచి అటే స్టేషనుకు వెళ్ళాను. తలుపు తాళం వేశానో లేదో నాకు గుర్తు లేదు.

బండిలో పక్కన కూర్చున్నావిడ "ఎక్కడికమ్మా?" అని అడిగితే "మా అమ్మాయి దగ్గరికి" అన్నాను. ఈపాటికి భూస్థాపన అయిపోయి ఉంటుంది, పిడికెడు మట్టి వేసే భాగ్యం కూడా నాకు లేదు అనుకున్నాను. మీరు వీడియో తీయించామని రాశారు కదా, అందులోనైనా ముఖం చూస్తాను అనుకున్నాను. దారి పొడవునా ఆ వీడియో ఒక్కటే నాకు దిక్కు.

పొద్దున మీ దుకాణం వెతుక్కుని వచ్చాను. ఒక పెద్దాయన సంచి కుడుతున్నారు. మీవారే అనుకుంటాను. "ఎవరు గావాలె అమ్మా?" అన్నారు. "దేవకృప" అన్నాను. ఆయన లోపలికి చూపించి, "పండుకున్నదమ్మా. జెర సప్పుడు చెయ్యకుండ్రి. ఎన్ని దినాలకో నిద్ర వట్టింది" అన్నారు. దుఃఖంతో మతి చలించింది కాబోలు అనుకున్నాను.

పరదా పక్కకు తీశాను. ఫ్యాను తిరుగుతోంది. అది ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంది. మోకాళ్ళ మధ్య మెత్త. కడుపు మీద చెయ్యి. చీర కొంగు ఊపిరికి లేచి పడుతోంది. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. లేచి పడుతూనే ఉంది.

అప్పుడు నాకు అంతా తెలిసింది. నన్ను రప్పించడానికి మీరు నా బిడ్డను చంపి కార్డు ముక్క మీద రాశారు. అంత తెలివైన మనిషి, మనుషుల్ని ఏ వేళకు ఎలా కదిలించాలో ప్లాను వేసుకునే మనిషి, నా మీద కూడా స్ట్రాటజీ వేశారు. ఆయన ఇచ్చిన మంచినీళ్ళు తాగి, తిరుగు బండి ఎక్కాను.

ఇక మీదట నాకు రాయకండి.

ప్రేమమణి

బోయిగూడ
25 సెప్టెంబరు 1997

వదినె గారికి,

రాయొద్దన్నారు. ఈ ఒక్కటి రాయకపోతే నేను మనిషినే కాదు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివినా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేనెవరిని చంపాను? ఆర్థర్ కూడా చర్చికి పోయే మనిషే కదా అని, మెట్టుగూడకు పరుగెత్తి ఆ ఉత్తరం అతని చేతిలో పెట్టాను. "నేను కార్డుల ఏం రాసిన్నో విను" అని నేను రాసింది చెప్పాను. అతను కూర్చున్నవాడల్లా లేచాడు. "ఆంటీ, ఏం రాసిండ్రు మీరు! మా చర్చిల ఆ మాట సచ్చిపోతే అంటరు" అన్నాడు. నేను అతని కెమెరా పెట్టె మీదే కూలబడ్డాను.

వదినె, మా ఇంట్లో ఎవరైనా పోతే కాలం చేశారంటాం. నిద్ర అంటే మాకు నిద్రే. పుట్టినప్పటి నుంచీ పరుపుల మధ్య బతికినదాన్ని, నాకు ఇంకో నిద్ర తెలియదు. జకర్యా గారు ప్రభువునందు నిద్రించారని మీరు రాస్తే, ఎత్తు మెత్తలు పనిచేశాయని సంబరపడ్డాను. మీ దేవుడి దయతో జబ్బు మనిషికి కన్ను అంటుకుంటే మీ వాళ్ళు అలా మర్యాదగా చెబుతారేమో అనుకున్నాను. ఆదరణ కూడిక అంటే నయమైన మనిషి కోసం చేసే ప్రార్థన అనుకున్నాను, పోయినవారి ఇంటివాళ్ళను ఓదార్చడానికని ఇప్పుడు ఆర్థర్ చెబితే తెలిసింది. మీరు మెచ్చుకుంటూ రాశాక ఆ అనుమానం కూడా లేదు. అందుకే మీ అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి, మామూలుగా పండుకున్నదని రాస్తే మీకు మోటుగా ఉంటుందని, మీకు నచ్చిన మాట వెతికి వెతికి రాశాను. మా ఇంటి దేవుళ్ళ మీద ఒట్టు, నా మనసులో ఇంకేమీ లేదు. దారిలో మీరు పడ్డ బాధ తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు. నా వల్ల ఒక తల్లి అలా ప్రయాణం చేసింది. నన్ను క్షమించకపోయినా నేనేమీ అనలేను.

ఆ రోజు జరిగింది ఇదీ. మీరు చెప్పినట్టే పాదాలకు కొబ్బరినూనె రాశాను. "ఇది మీకెవరు చెప్పిండ్రు అత్తమ్మా?" అని నా ముఖంలోకి చూసింది. "మీ అమ్మ" అన్నాను. నోరు జారింది, దాచలేకపోయాను. అటు తిరిగి పడుకుంది. ఆర్థర్ లైట్లు సర్దుకునేలోపు నిజంగానే నిద్రపోయింది. నటించమని చెప్పిన మనిషి గురక పెడుతోంది! ఎవరికీ లేపబుద్ధి కాలేదు. సాయంత్రందాకా పడుకుని, లేచి రెండు పళ్ళేలు అన్నం తిన్నది. మర్నాడు ఆ వీడియో చూడడానికి వీధంతా మా ఇంట్లోనే ఉంది, అందుకే కార్డుతో సరిపెట్టాను. మీరు వచ్చిన పొద్దున నేను కూరగాయలకు మోండా మార్కెట్టుకు పోయాను, శ్రీశైలం ఆర్థర్ దగ్గర ఉన్నాడు. ఎవరో పంతులమ్మలాంటి ఆవిడ చేతిలో సంచి కూడా లేకుండా వచ్చి, నీళ్ళు తాగి, పరుపు చూడకుండానే పోయిందని మా ఆయన చెప్పాడు. బేరం పోయిందని అనుకున్నాం.

మీ ఉత్తరం మీ అమ్మాయికి చదివి వినిపించాను. దాచడం నాకిక చేతకాదు. "అమ్మ వచ్చిందా? ఈడిదాంక వచ్చిందా?" అన్నది. ఎక్కడ నిలబడిందని మామను అడిగింది. లేచి వెళ్ళి పరదా దగ్గర, మీరు నిలబడ్డ చోట తనూ నిలబడింది. "నన్ను ఎందుకు లేపలే అత్తమ్మా?" అని ఏడ్చింది. దానికి జవాబు మీ దగ్గరే ఉంది.

వీడియోలో మీరు రాసిన మాటలేవీ పెట్టలేదు. మీ మాటలు బాగాలేక కాదు. అంత హాయిగా పడుకున్న మనిషి మీద గొంతు పెట్టి అరవడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఫ్యాను చప్పుడు, ఆ నిద్ర, చివర్లో దుకాణం పేరు. అంతే. మధ్యాహ్నం పూట వస్తోంది. పద్మారావు నగర్ నుంచి కూడా వచ్చి "ఆ పిల్ల పండుకున్న పరుపు" అని అడుగుతున్నారు. దుకాణం నిలబడుతుందనిపిస్తోంది. అది టీవీలో వచ్చినప్పుడల్లా మా ఆయన చేతిలో పని ఆపి, "సప్పుడు చెయ్యకుండ్రి" అంటాడు. పక్కనే కూర్చుని బీన్స్ తుంచుతున్న కోడలు నవ్వుతుంది.

మీరు ఏం రాసినా పడతాను. కాని రాయండి.

శ్యామలమ్మ

నరసాపురం
1 అక్టోబరు 1997

వదినె గారికి,

ఎత్తు మెత్తలు పనిచేశాయనుకుని మీరు రాసిన వాక్యాలు విని మా సంఘమంతా కన్నీళ్ళు పెట్టుకుంది. వాళ్ళకు ఈ నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. మీరూ చెప్పకండి.

మీ మీద నాకు కోపం లేదు. పండుకొను వద్దు, నిద్రించు అనమని ఎర్ర సిరాతో దిద్దింది నేనే. చేపలు పట్టే పల్లెకారు పిల్లలకు అన్నేళ్ళు తెలుగు చెప్పాను గాని, ఒక మాట ఒక ఇంట్లో హాయిగా ఉండి ఇంకో ఇంట్లో ప్రాణం తీస్తుందని నాకు ఇప్పుడు తెలిసింది.

ఎందుకు లేపలేదని అడిగింది కదా. కోపంతో అని మీకు రాశాను. అది తర్వాత వచ్చిన కోపం. బండిలో వస్తున్నంతసేపూ ప్రభువును ఒక్కటే అడిగాను, ఒక్కసారి చూడనీ తండ్రీ, ఇంకేమీ అడగను అని. పరదా తీసేసరికి చూడనిచ్చాడు. ఊపిరితో సహా ఇచ్చాడు. అప్పుడు నాకు భయం వేసింది వదినె. అది లేచి నన్ను చూసి, మా అమ్మ ముఖం ఇక వద్దు అంటుందేమోనని భయం వేసింది. రెండేళ్ళు దాని ఉత్తరాలు తెరవని మనిషిని. పోయిందనుకున్న బిడ్డ దొరికింది, దొరికిన దాన్ని నా చేతులతో మళ్ళీ పోగొట్టుకోలేననిపించింది. చూశాను కదా, చాలు అనుకుని వచ్చేశాను. చాలదని నాలుగు స్టేషన్లు దాటకముందే తెలిసింది.

అది పరదా దగ్గర నిలబడి ఏడ్చిందని మీరు రాశారు. ఆ ముక్క చదివాక ఇంట్లో కూర్చోలేకపోయాను. పక్కింటి దేవమ్మకు తాళం అప్పజెప్పాను. కాన్పు అయ్యేదాకా అక్కడే ఉంటాను, మీకు ఇబ్బంది అయినా సరే. శుక్రవారం పొద్దున బండి దిగుతాను. స్టేషనుకు ఎవరూ రానక్కర్లేదు, దారి నాకు తెలుసు.

ఒక్కటి మాత్రం కోరుకుంటున్నాను. నేను వచ్చే వేళకు అది పడుకుని ఉంటే, మీవారిని ఊరుకోమనండి. గట్టిగా పిలవండి, భుజం పట్టి కుదపండి, నిద్ర పాడైతే పాడవనీయండి. లేపండి, వదినె. నేను గడప ఎక్కుతుంటే అది నన్ను చూడాలి.

మీ వదినె,
ప్రేమమణి